బటన్ నొక్కితే కాగే నీళ్ళు

"ఇంకమీదట నేను యాడుండినా సరే, చింతామణిలో మా ఇంటి నీళ్ళు ఫోన్లోనే కాగబెడ్తాను" అని మా వార్డు కౌన్సిలర్, నగరసభె సదస్యులు మునిశామప్ప గారు ప్రెస్‌మీట్ పెట్టి ప్రకటించినారు. "సార్, మీ వార్డులో కొళాయికి నీళ్ళే సరిగ్గా రావు కదా" అన్నాడొక విలేకరి. "నీళ్ళు వచ్చేది ప్రభుత్వం పని. కాగబెట్టేది నా పని" అన్నారు మునిశామప్ప గారు. ఎంత స్పష్టత! అందరికన్నా ముందు నేనే చప్పట్లు కొట్టినాను.

చప్పట్లు నా డ్యూటీ. పేరు రవీంద్ర, హోదా మునిశామప్ప అన్నకు టెక్నికల్ అడ్వైజర్. ఆయన వెనకాల నిలబడి నిలబడి పేపర్లో నా చెవి మాత్రం బాగా ఫేమస్ అయింది. ఈ ఫోన్ గీజర్ సక్సెస్ అయితే నామినేటెడ్ పోస్టు ఇప్పిస్తానని అన్న మాటిచ్చినాడు. ఒక్కతూరి నా మొహం పూర్తిగా పేపర్లో పడాల, కెంచార్లహళ్ళిలో మా మామ దాన్ని చూడాల. పిల్లనిచ్చినప్పట్నుంచీ ఆయన నన్ను 'ఖాళీగా ఉండే అల్లుడు' అనే పరిచయం చేస్తాండాడు.

గీజర్ బిగించినాము. యాప్ అన్న ఫోన్లో, ఆయన బటన్ నొక్కితే మోగే అలారం నా ఫోన్లో. అన్న బాగేపల్లిలో ఒక పెండ్లిలో కూర్చోని పదిమంది చూస్తుండంగా బటన్ నొక్కి, ఇంటికొచ్చి నెత్తిన చెంబుడు నీళ్ళు పోసుకున్నాడు. ఆ కేక వీధి చివర టీ అంగడిలో ఉండిన నాకు ఇనపడింది. మాఘమాసం చలి మరి.

నేను వెంటనే టెక్నికల్ విచారణ జరిపినాను.

"అమ్మా, గోడ మీద స్విచ్ ఎవురు ఆపింది?"

"నేనేనప్పా" అనింది అన్న భార్య రామలక్ష్మమ్మ. "వాడని సామానుకు కరెంటెందుకు? మిక్సీది ఆపుతాను, టీవీది ఆపుతాను, ఇదీ ఆపినాను."

"అది ఆపితే అన్న ఫోన్లో నొక్కినా పని జరగదమ్మా."

"మీ అన్న ఫోన్ చేస్తే ఇంతవరకు ఏం పని జరిగింది గానీ!"

ఆమె స్నానం చేసే బచ్చలింటి మూల నీళ్ళు కాగే రాగి హండె చూపించింది. కింద పొయ్యి, పక్కన మల్బరీ కట్టెల కుప్ప. "దీపావళి ముందర నీళ్ళు నింపే పండగకు నేను సున్నం పూసి బొట్లు పెట్టేది దీనికి. గోడకు యాలాడే ఆ డబ్బాకు కాదు. స్విచ్ వేసేది లేదు, పో."

అడ్వైజర్ అన్నాక అడ్వైజ్ చేయాల కదా. చేసినాను. అన్న బటన్ నొక్కుతాడు, నా ఫోన్ మోగుతాది, నేను అమ్మకు ఫోన్ చేస్తాను, అమ్మ పొయ్యి అంటిస్తాది. మర్నాడు అన్న చిక్కబళ్ళాపురం నుంచి నొక్కినాడు. ఇంటికొచ్చేసరికి బకెట్ నిండా పొగలు కక్కే నీళ్ళు. "కొళాయి తిప్పే పని గూడా లేదే! టెక్నాలజీ అంటే ఇదిరా!" అని నన్ను కావలించుకున్నాడు. నిజం చెప్దామని నోరు తెరిచినాను. పోస్టు గుర్తొచ్చింది, మూసినాను.

సంగతి మంత్రిగారి దాకా పోయింది. చింతామణి సభకు వస్తా, అన్న ఇంట్లోనే స్నానం చేస్తామన్నారు. ఆ పొద్దు నేను కొత్త తెల్ల అంగీ ఏసుకోని ఫోటోకు రెడీ అయినాను. మంత్రిగారు కారులోనే అన్న ఫోన్ తీసుకోని స్వయంగా బటన్ నొక్కినారు. నా ఫోన్ మోగింది. అమ్మకు చేస్తే ఎత్తలేదు. మంత్రికి పెట్టే కొబ్బరి చట్నీకి మిక్సీ తిరగలేదని పక్కింటి రోలు కాడికి పోయినాదంట. మిక్సీ ఎందుకు తిరగలేదు? కరెంటు లేదు. ఎందుకు లేదు? మంత్రిగారికి స్వాగతం చెప్పే సీరియల్ లైట్లు కడతా లైన్‌మన్లు తీసేసినారు.

ఇంకేం చేసేది? అన్న ఇంటికి ఉరికి, ఊదుగొట్టం పట్టుకోని పొయ్యి ముందర కూలబడినాను. రాత్రి మంచుకు కట్టెలు నెమ్ము పట్టి ఉండాయి. ఊదినాను. కండ్లల్లో నీళ్ళు కారినాయి గానీ హండెలో నీళ్ళు కాగలేదు. దేవుడా, ఈ ఒక్క పొద్దు మంటివ్వు, జన్మలో ఇంక ఏ నాయకుడికీ సలహా ఇయ్యనని మొక్కుకున్నాను. సైరన్ ఇనపడేసరికి మంట అందుకుంది.

మంత్రిగారు స్నానం ముగించుకోని వచ్చినారు. తువ్వాలు వాసన చూసుకున్నారు. బచ్చలింటి పొగగొట్టం కల్లా చూసినారు. నా మొహం కల్లా చూసినారు.

"మునిశామప్పా, గీజర్ శానా బాగుండాది. మా ఇంట్లో ఉండేదాని నీళ్ళు ఇంత కమ్మగా ఉండవు." నా భుజం మీద చెయ్యేసినారు. "మా ఇంటికీ ఇదే కావాల. ఈ కంపెనీదే."

కెమెరాలు క్లిక్కుమన్నాయి. మర్నాడు పేపర్లో నా మొహం పూర్తిగా పడింది. పొద్దున్నే మామ ఫోన్ చేసి, "అల్లుడా, మంత్రి పక్కన ఆ బొగ్గులాయన ఎవురప్పా?" అన్నాడు. తెలీదు మామా అన్నాను.

పోస్టు మాత్రం వచ్చింది. స్మార్ట్ హీటింగ్ విభాగానికి సంచాలకుణ్ణి. బెంగుళూరులో ఆఫీసు, మంత్రిగారి బంగళా వెనకాల. మల్బరీ కట్టెలు చింతామణి నుంచి ప్రభుత్వ జీపులో వస్తాయి. ఈ పొద్దు టీవీలో మంత్రిగారు పెట్టుబడిదార్ల సమావేశంలో మాట్లాడతాండారు. మన రాష్ట్రం ఎంత ముందుకు పోయిందో చూడండి అని ఫోన్ ఎత్తి అందరికీ చూపించి బటన్ నొక్కినారు. హాలంతా చప్పట్లు.

నా ఫోన్ మోగింది. ఊదుగొట్టం అందుకున్నాను.