మొదటి లబ్ధిదారుడు

కారణం చెప్పకుండా, నోటీసు ఇవ్వకుండా, సంజాయిషీ అడగకుండా ఈ దేశంలో ఇకమీదట ఏ కార్మికుణ్ణీ పనిలోంచి తీసేయడానికి వీల్లేదని కార్మికశాఖ మంత్రిగారు గర్జించారు. గర్జించింది కారు వెనక సీట్లో. మధ్యాహ్నం హక్కుల సలహా కేంద్రానికి ప్రారంభోత్సవం. దానికి రిహార్సల్ అన్నమాట.

సరిగ్గా "వీల్లేదు" అన్నచోట డ్రైవరు బ్రేకు వేశాడు. ఎదురుగా ఎర్ర లైటు పడింది మరి. మంత్రిగారి నుదురు వెళ్లి ముందు సీటుకు కొట్టుకుంది.

"వీణ్ణి తీసెయ్," అన్నారు మంత్రిగారు, పక్కనున్న పీఏతో. అంత నొప్పిలోనూ నిర్ణయానికి క్షణం పట్టలేదు. సమర్థత అంటే అదీ.

"ఇప్పుడేనా సార్? మరి కారు..."

"సభదాకా నడపనీ. అక్కడ తాళాలు తీసుకో."

డ్రైవరు అంతా విన్నాడు. పదేళ్లుగా టెంపరరీ. ఈ ఏడు పర్మనెంట్ చేస్తామన్నారు. ఆ మాట నమ్మి కూతుర్ని పెద్ద కాలేజీలో చేర్చాడు. సభ జరిగే హాలు వెనక కారు ఆపి భార్యకు ఫోన్ చేశాడు.

"తీసేస్తే నోరుమూసుకుని వచ్చేయడమేనా? మీకేమీ హక్కులుండవా?" అంది ఆవిడ.

"ఏమోనే. అవి ఇవాళ్టినుంచే మొదలు."

లోపల వేరే గొడవ. కేంద్రం తరఫున మొదటి సలహా మంత్రిగారే స్వయంగా ఇవ్వాలి. అందుకు ఉద్యోగం పోయినవాడొకడు కావాలి. ఆ సంగతి పీఏ మరిచిపోయాడు. హాలు నిండా కార్యకర్తలే. వాళ్లకి పోవడానికి ఉద్యోగాలుంటే కదా! పీఏ చెమటలు కక్కుకుంటూ బయటికి పరుగెత్తి, డ్రైవర్ని చూసి, రెండు చేతులూ పట్టేసుకున్నాడు.

"నీ ఉద్యోగం పోయిందిగా? రా, రా!"

వేదిక మీద మంత్రిగారు డ్రైవరు భుజం మీద ఆప్యాయంగా చెయ్యి వేశారు. ఇన్నేళ్లూ ఆయన చూసింది అతని వీపునే కాబట్టి ముఖం కొత్తగా తోచింది.

"ఎప్పుడు తీసేశారు బాబూ?"

"పొద్దున్నేనండి."

"కారణం?"

"ఎర్ర లైటు పడితే బ్రేకు వేశానండి."

"రూలు పాటించినందుకా!" మంత్రిగారు మైకు దగ్గరికి లాక్కున్నారు. "సంజాయిషీ అడిగాడా ఆ దుర్మార్గుడు?"

"లేదండి. పాపం, నొప్పిలో ఉన్నారు."

"సర్వీసు?"

"పదేళ్లండి."

"పదేళ్లు! నోటీసు నీ హక్కు! కారణం అడగడం నీ హక్కు! ఆ పదేళ్ల సర్వీసూ నీదే, ఎవడూ తుడిచెయ్యలేడు! వెళ్లి నీ సీట్లో నువ్వు దర్జాగా కూర్చో. ఎవడు దింపుతాడో నేనూ చూస్తా!"

హాలు దద్దరిల్లింది. తనకిన్ని హక్కులున్నాయని తెలిసి డ్రైవరు ఉప్పొంగిపోయాడు. పీఏ మాత్రం పైకప్పు కేసి చూస్తూ ఉండిపోయాడు.

మంత్రిగారి ఆజ్ఞ కదా, డ్రైవరు వెళ్లి తన సీట్లో కూర్చున్నాడు. సభ ముగించుకుని వచ్చిన మంత్రిగారు ముందు సీట్లోకి తొంగి చూసి ఆగిపోయారు.

"నువ్వా! ఇక్కడేం చేస్తున్నావ్?"

"మీరే కదండీ కూర్చోమన్నారు..."

పీఏ చటుక్కున అందుకున్నాడు. "పాతవాడి ఖాళీ ఉందిగా సార్, అందులోకి తీసుకున్నాం. మన కేంద్రానికి మొదటి లబ్ధిదారుడు. ఇవాళే చేరాడు, టెంపరరీగా."

మంత్రిగారి కళ్లు చెమర్చాయి. "పొద్దున పోయిన ఉద్యోగం మధ్యాహ్నానికల్లా! పేపర్లకిచ్చెయ్."

"సార్, మరి నా పదేళ్లు..." అన్నాడు డ్రైవరు.

"అవి ఆ పాత యజమానిని నిలదీసి అడుగు. నీ వెనక నేనున్నాను."

కారు కదిలింది. కాసేపయ్యాక మంత్రిగారు పీఏ చెవి దగ్గరికి వంగారు.

"వెనకనుంచి చూస్తే అచ్చం ఆ పాతవాడిలాగే ఉన్నాడయ్యా. వీణ్ణీ ఎక్కువ రోజులు ఉంచకు."