గవరపాలెంలో జానెడు ముక్కల ముఠా

"నాకు బయపడి ఈ ఊర్లో నేరగాళ్లంతా ఎలమంచిలి ఎలిపోయేరు నూకరాజు బావా," అన్నాడు పరదేశి నాతో. "నాలాంటి బుర్ర నూరేళ్లకొకటి పుడతాది. అనకాపల్లికి ఆ సంగతింకా తెల్దు. అంతే."

పరదేశికి మెయిన్ రోడ్డులో జెరాక్స్ కొట్టు ఉంది. బోర్డు కింద 'అపరాధ పరిశోధనలు చేయబడును' అని రాయించి రెండేళ్లయింది. ఈ రెండేళ్లలో రెండు కేసులు వచ్చాయి. ఒకదాంట్లో తప్పిపోయిన మేక సొంతదారు పెరట్లోనే దొరికింది. రెండోది ఇంకా నడుస్తోంది. నేను బెల్లం మార్కెట్లో కాటా దగ్గర పనిచేస్తాను. నాకు మోటారు సైకిలుంది. పరదేశి నన్ను అసిస్టెంటుగా పెట్టుకోవడానికి మరో కారణం లేదు.

మూడో కేసు ఆ బుధవారం ఉదయం పది గంటలకు వచ్చింది. వచ్చినవాడు ప్లంబరు నానాజీ. భుజాన పనిముట్ల సంచి ఉంది. కూర్చోమన్నా కూర్చోలేదు.

గవరపాలెంలో త్రినాధరావు గారి మేడ మీద నానాజీ కొత్త ట్యాంకు పెట్టాడు. అక్కడి నుంచి పెరటి గోడ వెంట ప్లాస్టిక్ పైపు దించాడు. కింద పాత ఇనప పైపుంది. రెండింటినీ కలిపే ఫిట్టింగు ఒక్కటే మిగిలింది. అది కొని ఉంచమని ఇంట్లోవాళ్లకు చెప్పి, కోటవురట్లలో వేరే పనికి వెళ్లాడు. మూడు రోజుల తర్వాత తిరిగొచ్చి చూస్తే ఫిట్టింగు లేదు. పైపు పొట్టిదై ఉంది.

"నేనే కోసి అమ్ముకున్నానంటన్నారు మామా," అన్నాడు నానాజీ. "ఆయన బావమరిది అపార్టుమెంటు కడతన్నారు. అరవై ఇళ్లు. పైపుల పని నాకే ఇత్తామన్నారు. ఈ దొంగని పెట్టుకోవద్దని సాయంత్రం ఆయనకి ఫోన్ సేత్తారంట."

పరదేశి కళ్లు మూసుకున్నాడు. నేరం ఎక్కడ జరిగినా తన నీడ అక్కడ పడుతుందని చెప్పి, నా బండి ఎక్కాడు. నానాజీ సైకిలు మీద మా వెనకే వచ్చాడు.

త్రినాధరావు రిటైరైన స్కూలు మాస్టారు. ఆయన, భార్య గంగాభవాని, తల్లి మరిడమ్మ ముగ్గురే ఉంటారు. పరదేశి ముగ్గుర్నీ విడివిడిగా ప్రశ్నించాడు. పైపు ఎంత పోయిందంటే ముగ్గురూ మూరెడే అన్నారు. నేను నానాజీ దగ్గర టేపు తీసుకుని కొలిచాను. మూరన్నర పోయింది. ఆ మాట పరదేశికి చెప్పాను. చిన్న విషయాలు తన దాకా తేవద్దన్నాడు.

తర్వాత పెరట్లో మోకాళ్ల మీద కూర్చుని నేల వెతికాడు. పైపు కింద తెల్లటి పొడి కనిపించింది. దాని పక్కన ప్లాస్టిక్ కరిగి కారిన నల్లటి చుక్క ఉంది. పైపు చివర ఏటవాలుగా తెగి ఉంది.

"ముగ్గురు," అన్నాడు. "ఒకడు మత్తుమందు వేపారం. ఒకడు బాంబులు. మూడోవోడిది ఎడంసేతి వాటం. అంతర్జాతీయ ముఠా బావా. ఈ ఇంటి గాలిలో రక్తం వాసనుంది."

గాలిలో ఉన్నది చేపల పులుసు వాసన. పూడిమడక నుంచి వచ్చే ఆవిడ ఆ ఉదయమే చేపలిచ్చి వెళ్లింది.

సాక్ష్యం కావాలని పరదేశి నానాజీ సంచిలోంచి రంపం తీసి, పైపు చివర మరో జానెడు కోశాడు. నానాజీ వారించేలోపే ఆలస్యమైపోయింది. అతను గోడకి చేరబడి తల పట్టుకున్నాడు. పైపు ఇప్పుడు రెండు మూరలు పొట్టి.

ముఠా సరుకు పాత సామాన్ల కొట్టుకే చేరుతుందని పరదేశి సిద్ధాంతం. అక్కడికి వెళ్లాం. మూసి ఉంది. ఎప్పుడు తీస్తారో కనుక్కోవడానికి పక్కనున్న దేవీప్రసాద్ హార్డువేరు కొట్టులోకి ఎక్కాం. పరదేశి చెమట తుడుచుకోవడానికి చేతిలో ముక్కని కౌంటరు మీద పెట్టాడు.

దేవీప్రసాద్ ఆ ముక్కని తీసుకుని చూశాడు. ఏమీ అడగకుండా డబ్బాలోంచి పైపులు కలిపే కప్లింగు ఒకటి తీసి దాని పక్కన పెట్టాడు.

"త్రినాధరావు గారికి మీరేటవుతారు?" అన్నాడు.

 దేవీప్రసాద్ కౌంటరు కింది నుంచి అట్టపెట్టె లాగాడు. అందులో జానెడు ముక్కలు మూడున్నాయి. ఒకటి రంపంతో కోసింది. ఒకటి కాల్చి కోసింది. ఒకటి ఏటవాలుగా కోసింది. మూడింటి మీదా త్రినాధరావు గారిల్లు అని పెన్నుతో రాసి ఉంది.

నాకు సంగతి అర్థమైంది. చెప్పబోయాను. పరదేశి అప్పటికే దేవీప్రసాద్ మణికట్టు పట్టుకున్నాడు.

"సొత్తుతో సహా దొరికిపోయేవు. ముఠా నాయకుడివి నువ్వే. పద, బాధితుల ముందు నిలబడు."

దేవీప్రసాద్ చెయ్యి విడిపించుకున్నాడు. భోజనానికి ఎలాగూ కొట్టు మూసే వేళైందని, ఒక్క ఇంటికి ఇన్ని కప్లింగులెందుకో తానూ చూడాలని చెప్పి, పెట్టె చంకలో పెట్టుకుని ఆటో పిలిచాడు. ముద్దాయి పారిపోకుండా పరదేశి కూడా అదే ఆటో ఎక్కాడు, నేను వెనక బండి మీద వెళ్లాను.

త్రినాధరావు వీధి అరుగు మీద ఉన్నాడు. గంగాభవాని గుమ్మంలో ఉంది. మరిడమ్మ నవారు మంచం మీద కూర్చుని ఉంది. గేటు తీసుకుని దేవీప్రసాద్ లోపలికొచ్చాడు. పరదేశి వేలు చూపించి ఉపన్యాసం మొదలుపెట్టేలోపే ముగ్గురూ ఒకేసారి మాట్లాడారు.

"ఎవరికీ సెప్పొద్దన్నాను కదండీ," అన్నారు.

తర్వాత ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

మన వైపు పైపు ఫిట్టింగు కొనడానికి కొలత పట్టుకెళ్లేవాళ్లు తక్కువ. ముక్క కోసి పట్టుకెళ్తారు. త్రినాధరావు అలాగే చేశాడు. ప్లాస్టిక్ పైపు కోయగలిగాడు, ఇనప పైపు కోయలేక వదిలేశాడు. దేవీప్రసాద్ రెండో పైపెంత అని అడిగితే ఇలాంటిదే అన్నాడు. తెచ్చిన కప్లింగు ఒక పక్క పట్టింది, రెండో పక్క పట్టలేదు. మాస్టారు ఆ మాట ఇంట్లో చెప్పలేక దాన్ని బీరువాలో దాచాడు. భర్త మర్చిపోయాడనుకుని మర్నాడు గంగాభవాని కత్తి స్టవ్వు మీద కాల్చి ఒక ముక్క కోసింది. ఆవిడ కప్లింగూ పట్టక బియ్యం డబ్బాలోకి చేరింది. కొడుకూ కోడలూ ఇద్దరూ మర్చిపోయారని ఆ మర్నాడు మరిడమ్మ కత్తిపీట తీసింది. తన కప్లింగు దేవుడి పటం వెనక పెట్టింది. తాను కోసిన జానెడు ఎవరికి వారికి తెలుసు. మిగతా మూరెడూ నానాజీ ఖాతాలో వేశారు.

"ముఠా లొంగిపోయింది," అన్నాడు పరదేశి.

నానాజీ ముక్కల్నీ, ముగ్గురూ దాచిన చోట్ల నుంచి తెచ్చిన కప్లింగుల్నీ నేల మీద వరసగా పేర్చాడు. అవి ఇనప పైపుకి పట్టవు గాని, ముక్కకీ ముక్కకీ సరిపోతాయి. మూడు ముక్కలకు మూడు కప్లింగులున్నాయి. పరదేశి కోసిన ముక్క కోసం, ఇందాక కౌంటరు మీద పెట్టిన నాలుగోదాన్ని దేవీప్రసాద్ తన జేబులోంచి తీసిచ్చాడు. వంకర చివర్లు సాపు చేసి, గమ్ము రాసి, నానాజీ పైపుని మళ్లీ పూర్తి పొడుగుకి తెచ్చాడు. ఇక ఒక పక్క ముప్పావు ఇంచీ, రెండో పక్క ఇంచీ మర ఉన్న రెడ్యూసరు కావాలన్నాడు. దేవీప్రసాద్ వెళ్లి తెచ్చాడు. నానాజీ ఈసారి ముందు ఇనప పైపుకి బిగించి చూశాడు. పట్టింది.

గమ్ము ఆరేదాకా ఆగి, వాల్వు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. తిప్పలేదు.

"ఫోన్ సెయ్యండి మాస్టారూ," అన్నాడు. "నేను దొంగని కాదని సెప్పండి. నీళ్లు తర్వాత."

త్రినాధరావు ఫోను చేశాడు. నానాజీ పనితనం గురించి బావమరిదికి ఐదు నిమిషాలు చెప్పాడు. మూడడుగుల్లో ఐదు జాయింట్లు వేసిన మనిషి జిల్లాలో లేడన్నాడు. పైపు ఎవరు కోశారన్నది మాత్రం చెప్పలేదు. అవతలాయన అదే అడిగినట్టున్నాడు. మాస్టారు గోడ వైపు తిరిగాడు.

మరిడమ్మ లేచి వెళ్లి కొడుకు చేతిలోంచి ఫోను తీసుకుంది.

"బాబూ, నేను మరిడమ్మని. నానాజీ కొయ్యలేదు. మీ బావ కోసేడు, మీ అక్క కోసింది, నేను కోసేను. కత్తిపీటతోటి. మజ్జాన్నమంతా పట్టింది. ఆడిమీద నింద ఏసేం. ఆ పని ఆడికే ఇయ్యి."

 ఇదంతా ఎవరు కనిపెట్టారని అవతలాయన అడిగాడు. పరదేశి చొక్కా కాలరు సర్దుకున్నాడు. మరిడమ్మ అతన్ని పైనుంచి కిందికి చూసింది.

"కొట్టాయనొచ్చేడు. ఆయనతో ఆటోలో ఇంకెవరో దిగేరు," అంది.

ఫోను నానాజీ చేతికిచ్చింది. నానాజీ మురికి చెయ్యి లుంగీకి తుడుచుకుని అందుకున్నాడు. అపార్టుమెంటు పనికి సోమవారం ఎన్నింటికి రమ్మంటారని అడిగాడు. విన్నాడు. మరోసారి అడిగి విన్నాడు. ఫోను తిరిగి ఇచ్చేసి వాల్వు తిప్పాడు.