రాళ్ళ దగ్గర తాంబూలాలు

ఉదయం రెండు కుటుంబాలూ కలిసి భద్రాచలంలో దర్శనం, ఆపైన సత్తుపల్లిలో అబ్బాయి వాళ్ళింట్లో తాంబూలాలు, భోజనం. ముదిగొండ మిర్చి రైతు వెంకటనారాయణ వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. భార్య సుబ్బరత్నం మాత్రం బయలుదేరే ముందు కూతురికొక షరతు పెట్టింది.

"వాళ్ళ ముందు నోరు తెరవకే. పోయినసారి సంబంధం నీ మాటలతోనే పోయింది."

పద్మప్రియ బడిలో చరిత్ర టీచరు. రోజంతా మాట్లాడటమే ఆమె ఉద్యోగం. అయినా ఈ అబ్బాయి సాయికిరణ్ ఆమెకు నిజంగా నచ్చాడు. ఇది కూడా పోతుందేమోనన్న భయంతో పెదవులు బిగించుకుంది.

తిరుగుదారిలో చండ్రుగొండ రాకముందే సాయికిరణ్ రెండు కార్లూ ఆపించాడు. చరిత్ర టీచరుకు నచ్చుతుందని, అడవిలో వలయంగా పాతిన ప్రాచీన శిలలు చూపించాలనుకున్నాడు పాపం. చూసి వచ్చేసరికి అబ్బాయి వాళ్ళ కారు టైరు నేలకు అంటుకుపోయి ఉంది. స్టెప్నీలోనూ గాలి లేదు. అందరూ ఒక్క కారులో పట్టరు.

"ముహూర్తం దాటిపోద్ది," అని సుబ్బరత్నం కంగారుపడింది. అంతలో రాళ్ళ వలయం అంచున పసుపు, కుంకుమ పూసిన కొత్త రాయి ఒకటి కనబడింది. "అమ్మవారు ఎదురుగానే ఉంది. ఇక్కడే కానిచ్చేద్దాం వదినగారూ!" అంది అబ్బాయి తల్లితో.

"అమ్మా, ఇవి..." అంది పద్మప్రియ. తల్లి చూసిన చూపుకు మిగతా మాట మింగేసింది.

అబ్బాయి తండ్రి వెంకటరామారావుకు శకునాల పట్టింపు ఎక్కువ. తుమ్మితే కాసేపు కూర్చుని గాని గడప దాటడు. ఆయన రాతికి సాగిలపడి మొక్కి, "ఈ తల్లి సాక్షిగా మీ పిల్ల మా ఇంటి కోడలు," అని గట్టిగా మాట ఇచ్చాడు. సుబ్బరత్నం వియ్యపురాలికని తెచ్చిన పట్టుచీరను ముందు రాతికి కప్పింది.

ఆ దారిన పోతున్న యాత్రికుల జీపు ఆగింది. ఒకాయన చెప్పులు విడిచాడు. అది చూసి అందరూ విడిచారు. వెనక వచ్చిన ఆటోల్లోంచి కొబ్బరికాయలు దిగాయి.

"ఏ అమ్మవారండీ?" అని అడిగిందొకామె.

"మాక్కూడా ఇప్పుడే తెలిసింది," అంది సుబ్బరత్నం వినయంగా.

అడిగినామె తన పక్కనున్నావిడకు, ఈ తల్లి సంతానం ఇస్తుందట అని చెప్పింది. ప్రదక్షిణలు మొదలయ్యాయి. పద్మప్రియ ఇంకో రెండుసార్లు నోరు తెరిచి, రెండుసార్లూ మోచేతి పోటు తింది.

ఇంతలో డప్పు వినబడింది. ముందు ఆ అడవి గూడెంవాడు గంగయ్య, వెనక నెత్తిన అన్నం కుండతో అతని భార్య భీమక్క అడవి లోపలి నుంచి వచ్చారు. పూజారి వచ్చాడనుకుని జనం దారి ఇచ్చారు.

వెంకటరామారావు చేతులు జోడించాడు. "అయ్యా, అమ్మవారి పేరేంటి?"

"అమ్మవారేంది సార్? మా అమ్మ," అన్నాడు గంగయ్య. "పోయిన నెల చనిపోయింది. పోయినోళ్ళకు మేం గిట్ల రాయి నిలబెడ్తం. ఇయ్యాల దినం."

"ఆ పాత రాళ్ళు కూడా సమాధులే," అంది పద్మప్రియ, ఇక ఆగలేక.

భక్తులందరూ ఒక్కసారిగా చెప్పులు వెతుక్కున్నారు. వెంకటరామారావు రెండడుగులు వెనక్కి వేశాడు. "శ్మశానంలో తాంబూలాలా! వెంకటనారాయణగారూ, ఈ సంబంధం..."

మాట పూర్తయ్యేలోపు భీమక్క వచ్చి ఆయన రెండు చేతులూ పట్టుకుంది.

"బట్ట గూడ పెట్టిండ్రా అన్నా! వాగు అవతలి చుట్టాలు రాలేమన్నరు. మా అత్తకు ఎవ్వరూ రారని నిన్నటి సంది ఏడుస్తున్న. గింతమంది వచ్చిండ్రు!"

చెప్పులు వేసుకుంటున్నవాళ్ళు ఆగిపోయారు. వెంకటరామారావు చేతులు విడిపించుకోబోయి, విడిపించుకోలేకపోయాడు.

"మా అమ్మ కరోనాలో పోయిందమ్మా," అన్నాడు. "మొయ్యడానికి నలుగురు లేరు. చీరైనా కప్పనివ్వలేదు."

అంత పెద్దమనిషీ నిలబడ్డచోటే చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆయన్ని చూసి సుబ్బరత్నం ఏడ్చింది. గంగయ్య తన తువ్వాలు ఆయనకిచ్చి, తను ముంజేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. ఆ మధ్యాహ్నం సత్తుపల్లిలో వండిన విందు అలాగే ఉండిపోయింది. అందరూ భీమక్క విస్తరాకుల్లో తలా పిడికెడు వడ్డించిన అన్నమే తిన్నారు.

లేచేముందు వెంకటరామారావు, "ఆ తల్లి ముందు ఇచ్చిన మాట నేను వెనక్కి తీసుకోను," అన్నాడు. "కానీ ఇకమీదట అమ్మాయి ఏదైనా చెప్పబోతే దయచేసి చెప్పనివ్వండి."

పెళ్ళికి గంగయ్య దంపతులు అందరికంటే ముందే వచ్చారు. మంటపం గుమ్మంలో పన్నీరు చల్లుతున్న అమ్మాయి వాళ్ళని, పెళ్ళికూతురు తరఫా, పెళ్ళికొడుకు తరఫా అని అడిగింది.

"మా అత్త తరఫు," అంది భీమక్క.