డెల్మార్ స్టుకీ క్లచ్ ప్రతిజ్ఞ

హిమాలయమునకు దూరపు చుట్టములై, ఆ చుట్టరికమును ఎన్నడును చెప్పుకొనక తమ పని తాము చూచుకొను ధవళగిరులు నలుదిక్కుల కావలి కాయుచుండ, వయోమింగ్ రాష్ట్రపు పడమటి అంచున, ఫిబ్రవరి మాసపు మూడవ శనివారమున, ఎడతెగక కురిసిన కొత్త మంచు మోకాళ్లను ముంచి నడుమును అడుగుచున్న శుభవేళ, లోయలోని ధర్మపరులందరును ఆదివారపు చర్చి చొక్కాలను ఇస్త్రీ చేసి కొక్కెములకు తగిలించి ఆ నిశ్చింతతో కొండలకు ఎగబడిన ఘడియయందు, చీజ్ కర్మాగార మహాకటాహ పరిపాలకుడు, ద్వాదశ శీతకాల పరాజయ భూషణుడు, వెల్డా హెప్‌వర్త్ గారి ఏకైక జామాత, డెల్మార్ స్టుకీ అను మహావీరుడు, మధ్యాహ్న భోజనము ముగించి మూతి తుడుచుకొని, చక్రములకు బదులు పట్టాతో మంచుపై పరుగెత్తు తన మంచుబండిపైకి లంఘించి, భూనభోంతరాళములు దద్దరిల్ల ఇంజనును గర్జింపజేసి, నిటారుగా నిలిచిన కొండను సగము వరకు ఎక్కి, అక్కడ ఆగిపోయెను.

ఇంజను మాత్రము ఆగలేదు. దాని అరుపు ఆకాశమునంటెను, బండి మంచునంటుకొనెను. వీరుడు చేయునది లేక, బోర్లపడకముందే బండిని పక్కకు త్రిప్పి, వచ్చిన దారినే దిగివచ్చెను.

ఆ కొండ పేరు కంచరగాడిద నొసలు. దాని శిఖరమున పిడుగుపాటుకు మాడిన పైన్ చెట్టొకటి కలదు. బండి దిగకుండ ఆ చెట్టును చేరినవారు, అరిగిన తమ క్లచ్ బెల్టును దాని కొమ్మకు తగిలించుట లోయలోని ఆచారము. డెల్మార్ బావమరిది బ్రాక్ బెల్టులు అక్కడ నాలుగు వ్రేలాడుచుండెను. భార్య జెనీల్‌వి రెండు. డెబ్బదియొక్క ఏండ్ల అత్తగారు వెల్డా తొమ్మిదేండ్ల క్రిందట, పళ్లసెట్టు సడలకుండ ఎక్కి, ఒకటి తగిలించి, మరల ఆ సంగతి ఎత్తకపోయెను. ఎత్తకపోవుటయే డెల్మార్‌ను ఎక్కువ బాధించెను. పండ్రెండు చలికాలములు గడచినను ఆ చెట్టుపై అతని బెల్టు ఒక్కటియు లేదు.

ఆ లోటు తీర్చుకొనుటకై అతడు ఇన్నాళ్లును దుకాణముల అరలను నమ్ముకొనెను. ఒక ఏడు పొగగొట్టము మార్చెను, మరొక ఏడు క్రింది పట్టా మార్చెను, ఇంకొక ఏడు ఏమి మార్చెనో అతనికే గుర్తులేదు. ఒకటి బిగించిన రెండు ఊడెను. కిందటి చలికాలపు పదునాలుగు శనివారములలో పదకొండింటిని ఆ మహానుభావుడు గారేజీలో, బండి క్రింద పవళించియే గడపెను. ఆ పదకొండు వారములును జెనీల్ తన తల్లితో కలిసి కొండకు పోయి వచ్చెను.

నవంబరులో తొలి మంచు పడిన నాడు, భోజనపు బల్లయొద్ద, బంగాళాదుంపల పళ్లెమును అతని ముందుకు జరుపుచు జెనీల్ ఇట్లనెను.

"నేను పెళ్లి చేసుకున్నది నిన్ను, డెల్. నీ కాళ్లను కాదు. పోయిన చలికాలమంతా బండి కిందనుంచి బయటికి పొడుచుకొచ్చిన రెండు కాళ్లే చూశాను నేను. ముఖం మర్చిపోతే ఎలా?"

ఆమె నవ్వుచునే పలికెను గాని, ఆ నవ్వు కండ్ల వరకు పోలేదు. డెల్మార్ అది చూచెను. చూచి, చెంచా దింపి, కురుసభామధ్యమున కూడ ఎవ్వరును చేయని ఘోరప్రతిజ్ఞను ఈ విధముగా చేసెను.

"సరే. పాత బండి అమ్మేస్తా. కొత్తది కంపెనీవాడు ఎలా పంపిస్తే అలాగే తోలతా. దానికి ఒక్కటంటే ఒక్క కొత్త స్క్రూ బిగిస్తే అప్పుడడుగు."

"కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించు, అల్లుడూ," అని వెల్డా సలహా ఇచ్చెను. అతడు అంటించెను.

ఇట్టి ప్రతిజ్ఞకు లోనై, ఫిబ్రవరి మొదట చేతికి వచ్చిన ఆ కొత్త బండి, విచిత్రమేమనగా, ప్రొద్దున్నంతయు చిన్న గుట్టలపై గుర్రపుపిల్లవలె గంతులు వేయును. మధ్యాహ్నమున కంచరగాడిద నొసలును చేరుసరికి నీరుకారిపోవును. ఇది వరుసగా మూడవ శనివారము. కొండ క్రింద, మంచు జారినను తాకని తావున, తక్కిన మువ్వురును తమ బండ్లపై కూర్చుండి చూచుచుండిరి. వాలుపై ఒకరున్నప్పుడు మరియొకరు అడుగిడరాదు గనుక, ఒకరి పరాభవమును అందరును తీరికగా చూచు అవకాశము ఆ కొండపై ఎల్లప్పుడును ఉండును.

"బావా, చాలా బాగా దిగావు," అనెను బ్రాక్. స్కూలు బస్సుల మరమ్మతు అతని వృత్తి, ఇతరుల బండ్ల మరమ్మతు అతని వ్యసనము. "నేను చెప్తూనే ఉన్నా. కంపెనీ క్లచ్ అంతే. పొద్దున చల్లగా ఉన్నంతసేపు పట్టు ఉంటుంది. వేడెక్కిందా, బెల్టు జారిపోద్ది. ఇంజన్ అరుస్తుంది, పట్టా తిరగదు. సరిగ్గా నీ జబ్బే."

"పొద్దున చిన్న గుట్టలు బాగానే ఎక్కిందిగా."

"పొద్దున మా అమ్మ కూడా బాగానే ఎక్కుద్ది."

"నేను మధ్యాహ్నం కూడా ఎక్కాను," అనెను వెల్డా.

బ్రాక్ అప్పుడు తన వీపుసంచి విప్పి, అందుండి ఒక పెట్టెను, దివ్యాస్త్రమును వెలికిదీయు మునివలె మెల్లగా వెలికిదీసెను. లోపల నిగనిగలాడు స్ప్రింగులు, నున్నని తూకపు బిళ్లలు, వాటిని బిగించు పనిముట్టు.

"నీ కోసమే మోసుకొచ్చా. పావుగంట పని. ఊఁ అను, చాలు."

ఆ పెట్టెను చూచిన డెల్మార్ హృదయమున దేవాసుర సంగ్రామము చెలరేగెను. ఒకవంక ఫ్రిజ్‌పై అంటించిన కాగితము, మరియొకవంక చెట్టు. అతడు శిరస్త్రాణమును ధరించి, బండిని మరల కొండకు అభిముఖము చేసి, ఎవ్వరును వినరను ధైర్యముతో, ఆ హెల్మెట్ కుహరమున ఇట్లు ఎలుగెత్తెను:

"ఓ యంత్రగర్భవాసినీ, ఓ కంపెనీ క్లచ్చా, నిన్ను నేను పరుల మాటలకు చెవియొగ్గి త్యజించితినా? నీ పళ్లెముల నడుమ బెల్టును ఒక్కమారు, ఒక్కటే మారు, గట్టిగా అదిమి పట్టుము. ఆలి ముందు మాట నిలుపుకొననిమ్ము. ఆ ముసలామె బెల్టు పక్కన నా బెల్టునకు జానెడు చోటు ఇప్పింపుము. నీవు కరుణింపవేని, ఈ కొండపైననే నిన్ను ఊడబెరికి, ఎలుగుబంట్లకు కంచముగా వేసెద."

"అల్లుడూ," అని హెల్మెట్ రేడియోలో వెల్డా స్వరము వినవచ్చెను. "నీ రేడియో మీట మంచుకి బిగుసుకుపోయింది. అన్నీ వినపడుతున్నాయి."

డెల్మార్ చెవులు ఎర్రబారెను, అయినను అతడు బండి వేగపు మీట నొక్కి ముందుకురికెను. బండి ఈసారి సగము వరకైనను పోలేదు. మూడవ వంతునకే నడుములోతు మంచులో కూరుకొనిపోయి, దానిని పారతో త్రవ్వి తీయుటకు అరగంట పట్టెను.

దిగివచ్చిన వీరుడు హెల్మెట్ తీసి, నేరుగా జెనీల్ యొద్దకు పోయి నిలిచెను. అతని మీసమున చెమట గడ్డకట్టియుండెను.

"జెనీల్, నా వల్ల కావట్లేదు. ఆ మాట... వెనక్కి తీసుకోనా?"

ఆమె చేతితొడుగు వ్రేళ్లను ఒక్కొక్కటిగా సరిచేసికొనుచు పలికెను. "నన్ను అడిగితే నేనేం చెప్తాను? కావాలంటే పెట్టించుకో. ఇవాళ క్లచ్. వచ్చేవారం ఇంకోటి. నేనూ అమ్మా ఎప్పట్లాగే తిరిగొస్తాంలే. దారి మాకు అలవాటే."

ఆమె కోపించినచో డెల్మార్‌కు సులువుగా నుండెడిది. ఆమె కోపింపలేదు. అతడు చెట్టువంక చూచెను, భార్యవంక చూచెను, మరల చెట్టువంక చూచెను. పండ్రెండేండ్ల ఆశ గెలిచెను. ఆ సంగతి చెప్పుటకు ఈ కథకునికిని చిన్నతనముగనే యున్నది.

"కానియ్యి, బ్రాక్," అనెను డెల్మార్, బూట్లకేసి చూచుచు.

బ్రాక్ ఉత్సాహముతో మోకరిల్లి, బండి పక్క రేకును విప్పి, క్లచ్‌పైని చిల్లుల కవచమును ఎత్తెను. ఎత్తి, అట్లే ఉండిపోయెను. తల వంచి వాసన చూచెను. పిదప మరల చూచెను.

"బావా. ఇదేంటి?"

"ఏది?"

"ఈ పచ్చగా కారింది."

అందరును వంగిరి. క్లచ్ పళ్లెముల రెండింటిపైనను, బెల్టు అంచుల పొడవునను, పసుపుపచ్చని జిడ్డు మెరుగుపెట్టినట్లు పట్టియుండెను. వెల్డా చేతితొడుగు విప్పి, చూపుడువ్రేలితో ఇంచుక తీసి, ముక్కునకు చేర్చి, ఆ పిమ్మట ఏ సందేహమును లేక నోటనుంచుకొనెను.

"పోయిన బుధవారం మీ ఫ్యాక్టరీలో తీసిన మెత్త చీజ్," అని ఆమె తీర్పు చెప్పెను. "నా బురిటోలో చీజ్ ఏదీ అని ఇందాక అడిగానా? ఇదిగో, ఇక్కడుంది."

నిజమే. భోజనవేళ ఆమె ఆ మాట అనియుండెను, రెండింతలు వేసితినని డెల్మార్ నొచ్చుకొనియునుండెను. ఇప్పుడు అతని కండ్లయెదుట సర్వమును విశదమాయెను. కొండకు పోవువారు బురిటోలను, అనగా చీజ్ కూరిన రొట్టెచుట్టలను, రేకులో చుట్టి, పొగగొట్టముపై బిగించిన డబ్బాలో పెట్టి, ఇంజను వేడికి కాచుకొందురు. కొత్త బండికి ఆ డబ్బా లేదు. డబ్బా బిగింపవలెనన్న నాలుగు స్క్రూలు కావలెను. ఒక్క కొత్త స్క్రూయైనను బిగింపనని ప్రతిజ్ఞ చేసిన సత్యసంధుడు, నాలుగు బురిటోల మూటను పొగగొట్టమునకును క్లచ్ కవచమునకును నడుమ సందున దూర్చి, తీగతో కట్టెను. మూడు శనివారములును, కుదుపులకు రేకు చిరిగి, చీజ్ కరిగి, కవచపు చిల్లులలోనుండి బొట్టుబొట్టుగా క్లచ్‌లోనికి దిగెను. ప్రొద్దున గట్టిగానుండి మధ్యాహ్నమునకు కరుగుట చీజ్ యొక్క ధర్మము. దానిని చేసినవాడే అతడు.

బ్రాక్ నవ్వు మంచులో దొర్లెను, అతనితో సహా. "బావా, నువ్వు క్లచ్‌కి వెన్న రాసి కొండెక్కమంటున్నావు."

"వెన్న కాదు. చీజ్," అనెను డెల్మార్. వృత్తిధర్మము అంత సులువుగా పోదు.

నవ్వు తగ్గిన పిమ్మట బ్రాక్ కండ్లు తుడుచుకొని, పెట్టెను ముందుకు జరిపెను. "సరే, ఎలాగూ విప్పాంగా. ఇది పెట్టేద్దాం. తుడిచినదానికంటే రెండింతలు లాగుద్ది. ఈసారి గ్యారంటీగా చెట్టు దగ్గరుంటావు."

అది అబద్ధము కాదని డెల్మార్ ఎరుగును. స్ప్రింగులు మిలమిలలాడెను. అతడు చేయి చాచి ఒకదానిని అందుకొనెను కూడ. అంతలో ప్రక్కన ఏదో కదలగా, తల త్రిప్పి చూచెను. జెనీల్ తన బండి సంచిలోనుండి ఒక కొత్త బెల్టును, పెట్రోలు గడ్డకట్టకుండ పోయు స్పిరిటు సీసాను, ఒక పాత చొక్కాగుడ్డను తీసి, చేత పట్టుకొని నిలిచియుండెను. 

డెల్మార్ స్ప్రింగును పెట్టెలో పెట్టి, మూత వేసెను.

"ఇంకెవరికైనా పనికొస్తుందిలే, బ్రాక్. గుడ్డ ఇటియ్యి, జెనీల్."

దంపతులిద్దరును మంచులో మోకరిల్లి, స్పిరిటుతో ఆ పళ్లెములను అద్దములవలె తుడిచి, కొత్త బెల్టును ఎక్కించిరి. అరగంటసేపు భుజము భుజము తాకుచుండ వారు చేసిన ఆ పనియే, పెండ్లి తరువాత వారు జంటగా చేసిన అతిదీర్ఘమైన పనియని వెల్డా అభిప్రాయపడెను. చీజ్ పట్టిన పాత బెల్టును డెల్మార్ మెడలో మాలగా వేసికొనెను.

అంతట ఆ మహావీరుడు మూడవమారు కొండకు అభిముఖుడాయెను. వేగపు మీట నొక్కెను. ఓహో, ఆ క్లచ్ పట్టిన పట్టు ఏమని వర్ణింతును. హిమధూళి వెనుక గోడయై లేచెను, బండి సగము దాటెను, ముప్పాతిక దాటెను, తానెన్నడును చూడని ఎత్తున గాలి వేరుగానుండెనని అతడు పిమ్మట చెప్పెను. కొండ నొసటి వద్ద వాలు మరింత నిక్కపొడిచెను, బండి ముక్కు ఆకాశమును చూచెను, వేగము సన్నగిల్లెను, సన్నగిల్లి, చెట్టునకు రెండు బారల దూరమున, కూరుకొని నిలిచిపోయెను.

క్రింద ముగ్గురును తమ బండ్లపై లేచి నిలిచిరి.

డెల్మార్ ఇంజను ఆపి, సీటుపై నిలిచి, ఒక కాలిని సీటు అంచుననే ఉంచి, రెండవ కాలిని గాలిలోనికి చాచి, మెడలోని బెల్టును తీసి, చేతిని సాగదీసి విసరెను. అది తగులక, వాలుపై జారి బండియొద్దకే వచ్చెను. అందుకొని మరల విసరెను. రెండవమారు ఆ బెల్టు అన్నింటికంటె క్రిందనున్న, చిటికెనవ్రేలంత పుల్లను పట్టుకొని, రెండు ఊగులు ఊగి, నిలిచెను.

"చెల్లదు," అని రేడియోలో బ్రాక్ కేకవేసెను. "చెట్టును తాకలేదు."

"కాలు బండి మీదుందా, అల్లుడూ?"

"ఉంది, అత్తయ్యా. మడమ ఒక్కటే, కానీ ఉంది."

"అయితే చెల్లుతుంది," అనెను వెల్డా. "నేనూ విసిరే వేశాను. ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు."

పిదప రేడియోలో జెనీల్ స్వరము వచ్చెను.

"డెల్, హెల్మెట్ తియ్యి."

"ఎందుకు?"

"ముఖం చూడాలి."

అతడు తీసెను. అంత దూరమునుండి ఆమెకు ఏమి కనబడెనో ఈ కథకుడు ఎరుగడు గాని, ఆమె చేయి ఎత్తి చాలసేపు ఊపెను. వెంటనే ఒక బూడిదరంగు కొండపిట్ట, బండివారి తిండిని దొంగిలించుటలో ఆరితేరినది, ఎక్కడినుండియో వచ్చి ఆ పుల్లపై వాలి, బెల్టు అంచున మిగిలిన చీజ్‌ను పొడుచుకొని తినసాగెను. దాని బరువునకు పుల్ల వంగెను గాని విరుగలేదు.

కావున లోకులారా, వినుడు. వయోమింగ్ పడమటి కొండలయందు, మూడు శనివారముల ఘోరసంగ్రామానంతరమున, డెల్మార్ స్టుకీ అను వీరుడు, క్లచ్‌ను మార్పక, చెట్టును తాకక, ఒక్క మడమ మాత్రము బండిపై నిలిపి, చిటికెనవ్రేలంత పుల్లను జయించెను. ఆ సాయంత్రమే ఫ్రిజ్‌పైనున్న కాగితమున జెనీల్ స్వహస్తముతో ఒక సవరణ వ్రాసెను: బురిటో డబ్బాకు నాలుగు స్క్రూలు మినహాయింపు.