హాట్‌డిష్‌ల బరువు

బుధవారం పొద్దున్న కాఫీ తాగుతూ ఆర్డిస్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇంటిముందు గడ్డిలో గుడారం వేసి చూడాలి. సామానంతా తూకం వేయాలి. శనివారం తెల్లారగానే మొగుణ్ణి పక్క సీట్లో కూర్చోబెట్టుకుని ఓష్కోష్ ఎగిరిపోవాలి.

జూలై ఆఖరులో ఓష్కోష్‌లో జరిగే విమానాల సంబరానికి దేశం నలుమూలల నుంచీ వేల విమానాలు వచ్చి వాలతాయి. చిన్న విమానాల వాళ్ళు గడ్డి మైదానంలో విమానాన్ని నిలిపి, దాని రెక్క కిందే గుడారం వేసుకుని వారం రోజులు కాపురం పెడతారు. యాభై దాటాక విమానం నడపడం నేర్చుకున్న ఆర్డిస్‌కి అక్కడ తన చేతులతో దిగాలన్నది ఒక్కటే కోరిక. మొదటి ఏడాది వానలు అడ్డొచ్చాయి. పోయినేడు మొగుడు వెర్లిన్ మోకాలు అడ్డొచ్చింది.

ఈసారి చిక్కల్లా బరువుతోనే. వాళ్ళది రెండు సీట్ల పాత సెస్నా విమానం. ఇద్దరు మనుషులూ, పెట్రోలూ ఎక్కాక గుడారానికీ, రెండు దుప్పట్లకీ మాత్రమే అది ఒప్పుకుంటుంది. బాత్రూంలోని తూకం మిషను వరండాలోకి తెచ్చి, ఆర్డిస్ మొగుడి సంచీ విప్పింది.

"ఈ ఇనప పెనం ఎందుకు?"

"పెనం లేకుండా గుడ్లెలా వేస్తాను?"

"వేయొద్దు."

"ఓ పది పౌన్లు ఎక్కువైతే పడిపోతుందా ఏంటి?"

"పడదు. అసలు లేవదు."

"చిత్తం, కెప్టెన్ గారూ," అన్నాడు వెర్లిన్. ఆర్డిస్ అతని చొక్కాలు ఒక్కొక్కటే తీసి వరండాలోంచి గడ్డిలోకి విసిరింది.

వీధికి అవతల వంటింటి కిటికీలో ఎదురింటి లవోన్ కప్పు కడుగుతోంది. పుల్లలా ఉండే ఆ మనిషి ఆ కిటికీ ముందు ఒక కప్పు కడిగినంతసేపు ఇంకెవరూ పెళ్ళి విందు గిన్నెలు కూడా కడగరు. చొక్కాలు గాల్లో ఎగరడం ఆమె చూసింది. చీకటి పడ్డాక, గుడారం కారుతుందో లేదో తేల్చడానికి వెర్లిన్ దిండు చంకన పెట్టుకుని అందులో దూరడం చూసింది. ఆర్డిస్ తలుపేసుకుని దీపం ఆర్పేయడమూ చూసింది.

మర్నాడు మొదటి హాట్‌డిష్ వచ్చింది.

మిన్నెసోటాలోని ఆ ఊరివాళ్ళకి కష్టంలో ఉన్నవాళ్ళని మాటలతో ఓదార్చడం చేతకాదు. కీమా, బంగాళాదుంపలు, పుట్టగొడుగుల సూపు కలిపి ఓవెన్లో కాల్చిన హాట్‌డిష్ గిన్నె పట్టుకొచ్చి చేతికిచ్చి, వర్షం గురించి రెండు ముక్కలు మాట్లాడి వెళ్ళిపోతారు. ఆ గిన్నె ఖాళీ చేసి, కడిగి తిరిగివ్వకపోతే మర్యాద కాదు. ప్రయాణానికి సాగనంపుతున్నారనుకున్న వెర్లిన్ ఆ మర్యాదకి ఎక్కడా లోటు రానివ్వలేదు.

"మాకందరికీ నువ్వంటే ఇష్టమే వెర్లిన్," అంది పోస్టాఫీసులో పనిచేసే ఆవిడ, చూపులు నేలకేసి దించి.

"ఎంతలే అమ్మా, వారంలో తిరిగొచ్చేస్తాగా!"

"అలాగే అనుకో నాయనా," అంటూ ఆవిడ అతని భుజం తట్టి, కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళింది. సాయంత్రానికి ఇంకో నాలుగు గిన్నెలొచ్చాయి.

శుక్రవారం పాస్టర్ హాగెన్ వచ్చి కాఫీ కప్పు రెండు చేతుల్లో తిప్పుతూ కూర్చున్నాడు.

"ఆర్డిస్, ఎంతకాలం నుంచి అనుకుంటున్నావమ్మా ఈ సంగతి?"

"మూడేళ్ళ నుంచీ, పాస్టర్ గారూ."

"మరి వెర్లిన్?"

"ఆయనకీ మహా ఉత్సాహంగా ఉంది."

పాస్టర్‌కి కాఫీ పొలమారింది. ఆయన వెళ్ళిన కాసేపటికి పాస్టర్ భార్య కూడా ఒక గిన్నె పంపింది.

ఆ సాయంత్రం ఆఖరి తూకం వేశారు. సంచులు తేలిగ్గానే ఉన్నాయి. వెర్లిన్ ఎక్కితే మాత్రం ముల్లు బుధవారం నాటి గీత దాటి దర్జాగా ముందుకెళ్ళింది.

"ఏం తిన్నావు నువ్వు?"

"ఊరందర్నీ," అన్నాడు వెర్లిన్ తలొంచుకుని. "పోనీ నువ్వొక్కదానివే వెళ్ళరాదూ?"

"అక్కడ ఆకాశం నిండా చీమలబారులా విమానాలుంటాయి. నేను ముందుకి చూడాలా, పక్కలకి చూడాలా? ఇంకో జత కళ్ళు లేకుండా నేను వెళ్ళను." ఆర్డిస్ మెట్ల మీద కూలబడింది. వానకీ, మోకాలికీ లొంగినప్పుడు రాని ఏడుపు పుట్టగొడుగుల సూపుకి లొంగాల్సి వచ్చేసరికి వచ్చింది.

సరిగ్గా అప్పుడే లవోన్ వేడి గిన్నెతో వీధి దాటొచ్చింది.

"ఏడవకే ఆర్డిస్. తొందరపడ్డావులే. ముప్పై ఏళ్ళు కాపురం చేసిన మొగుడి బట్టలు గడ్డిలోకి విసిరేసి, గుడారంలో పడుకోబెట్టావు. రెండ్రోజులకి మనసు కరగదూ మరి!"

"ఎవరు చెప్పారు నీకు?"

"చెప్పేదేంటి? నేనే చూశాను!"

ఆర్డిస్‌కి పోస్టాఫీసావిడా, పాస్టరూ, గిన్నెలూ ఒక్కసారిగా అర్థమయ్యాయి. తను మొగుణ్ణి వెళ్ళగొట్టిందని ఊరంతా అనుకుంటోందన్నమాట. ఆమె లేచి నిలబడింది. వెర్లిన్ జాగ్రత్తగా గిన్నె అందుకుని పక్కకి తప్పుకున్నాడు. అరిచేస్తుందనుకున్నాడు. ఆర్డిస్ మాత్రం లవోన్‌ని తలనుంచి పాదాల దాకా, సంతలో దూడని చూసినట్టు చూసింది.

"లవోన్, నీ బరువెంత?"

"అదేం ప్రశ్నే!"

"ఎక్కు దీనిమీద." ముల్లు వెర్లిన్ బరువులో సగం దాటి ఆగిపోయింది. "ఆ రోజు ఎన్ని చొక్కాలు విసిరాను?"

"ఏడు. గళ్ళచొక్కాకి మోచేతి దగ్గర చిరుగుంది."

"వీధి అవతల్నుంచి చిరుగు కనబడ్డ దానికి, విమానం కనబడదటే?"

శనివారం పొద్దున్న సెస్నా రెండు గెంతులేసి గాల్లోకి లేచింది. లవోన్ మొదట సీటు పట్టుకుంది, తరవాత దేవుణ్ణి పట్టుకుంది, ఆ తరవాత అలవాటు కొద్దీ చుట్టూ చూడటం మొదలెట్టింది.

"కుడివైపు ఎర్రది! వెనకాల ఇంకోటి, పసుపుది, మనకంటే కిందుగా. అబ్బ, అందులో మొగుడూ పెళ్ళాం మాట్లాడుకోవడం లేదే!"

ఓష్కోష్ దగ్గరపడేకొద్దీ విమానాలన్నీ రైలు పట్టాల మీదుగా ఒక దాని వెనక ఒకటి బారు కట్టాయి. రేడియోలో గొంతు పలికింది: "తెల్ల సెస్నా, విన్నట్టయితే రెక్కలూపు." ఆర్డిస్ ఊపింది. లవోన్ కెవ్వుమంది. "బాగా ఊపావు. పచ్చ చుక్క మీద దిగు." రన్‌వే మీద వేసిన ఆ పచ్చ చుక్క మీదే చక్రాలు పీట మీద చెంబు పెట్టినంత మెత్తగా ఆనాయి.

"ఓష్కోష్‌కి స్వాగతం," అంది రేడియో.

"ఏడుస్తున్నావు. నేను చూశాను," అంది లవోన్.

సాయంత్రానికి లవోన్ మొగుడు గ్లెన్‌తో పాటు పికప్పు ట్రక్కులో వెర్లిన్ కూడా దిగాడు, గుడారంతో, ఏడు చొక్కాలతో, ఇనప పెనంతో. రెక్క కింద నలుగురూ గుడ్లు వేసుకుని తిన్నారు.

ఇక్కడ ఊళ్ళో జనం చూసింది మాత్రం వేరు. ఆర్డిస్ లవోన్‌ని వెంటబెట్టుకుని పొద్దున్నే వెళ్ళిపోయింది. ఆ వెనకే వాళ్ళిద్దరి మొగుళ్ళూ పరుపులూ, గుడారం పికప్పులో వేసుకుని ఊరొదిలి పోయారు. ఒక కొంప కూలిందనుకున్నది రెండు కొంపలయ్యింది. ఆరా తీసి చెప్పడానికి కిటికీలో లవోన్ కూడా లేదాయె.

ఆ పై ఆదివారం నలుగురూ కలిసి చర్చిలోకి అడుగుపెట్టేసరికి జనమంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ప్రార్థన అయ్యాక కింది హాల్లో, మళ్ళీ ఒకటయ్యారని, రెండు జంటల పేర్లూ రాసిన పెద్ద కేకు పెట్టారు.

"చెప్పవే, అసలు సంగతి చెప్పు!" అని ఆర్డిస్ డొక్కలో పొడిచింది లవోన్.

ఆర్డిస్ గొంతు సవరించుకుంది. కానీ అప్పటికే కేకు కోసేశారు.