దుప్పటి కింద పందెం కారు

మా మామగారు పోతూ పోతూ తన కారును కూతురికి ఇచ్చి వెళ్లారు. ఆయన పనిచేసిన ఫ్యాక్టరీలో పందేల కోసం అలాంటివి కొన్ని మాత్రమే చేసి, తర్వాత ఆ అచ్చులు పగలగొట్టేశారట. వాటిలో ఒకటి మా షెడ్డులో ఉంది. రెండే సీట్లు. డిక్కీలో గొడుగు పెట్టాలన్నా బతిమాలుకోవాలి.

ఇలాంటి కార్లు కొని దాచుకునే పెద్దాయన ఒకాయన నాకు పరిచయమయ్యాడు. "తక్కువ తయారై ఉండాలి. భాగాలన్నీ పుట్టినప్పటివే అయి ఉండాలి. ఎక్కువ తిరిగి ఉండకూడదు. మిగతావి పాడైపోయే కొద్దీ మిగిలినదాని విలువ పెరుగుతుంది" అన్నాడు.

మర్నాడు దేవుడి ముందు నిలబడితే చిక్కొచ్చి పడింది. అందరూ చల్లగా ఉండాలని రోజూ దండం పెడతాను. అందరి కార్లూ చల్లగా ఉంటే మా కారు గతేమిటి? అడగడానికి నోరు రాలేదు. ఆయనకు అన్నీ తెలుసులే అని ఊరుకున్నాను.

కారుకు దుప్పటి కప్పి, తాళం చెవి దేవుడి పటం వెనక దాచాను.

"ఏమండీ, ఓసారి అందులో మా చెల్లెలింటికి వెళ్లొద్దామా?" అంది మా ఆవిడ.

"తిరిగితే విలువ పడిపోతుంది."

"తిరగడానికే కదండీ నాన్న చేసింది."

"మీ నాన్నగారికి ఇంజను తెలుసు. విలువ తెలియదు."

"అవును, అల్లుణ్ణి ఎంచుకున్నప్పుడే తెలిసింది."

అమ్మేద్దామంటే మాత్రం ఏమీ మాట్లాడలేదు. మౌనం అర్ధాంగీకారం అంటారు. మిగతా సగం నేనే కలుపుకుని పెద్దాయన్ను పిలిచాను.

ఆదివారం ఆయన వచ్చాడు. పసిబిడ్డ మీద దుప్పటి తీసినట్టు తీశాను. ఆయన మోకాళ్ల మీద కూర్చుని ఇంజను మీది నంబరు సరిచూశాడు. పాత రంగు మీద ఉన్న గీతను ముద్దుగా నిమిరాడు. నా బట్టతలను ఇంతవరకు ఎవరూ అలా నిమరలేదు.

"దీన్ని కదిలించి ఎంతకాలమైంది?"

"మామగారు పోయాక గాలి కూడా తగలనివ్వలేదండి" అన్నాను గర్వంగా.

ఆయన ముఖం వాడిపోయింది. "అయితే ఇంజను పట్టేసి ఉంటుంది. నడపని కారు బీరువాతో సమానమండి."

లోపలికి పరుగెత్తి తాళం చెవి తెచ్చిచ్చాను. ఆయన తాళం తిప్పాడు. ఒక్క తిప్పుకే కారు గుర్రుమంది.

పెద్దాయన చెవి ఒగ్గి విన్నాడు. "ఎవరో దీన్ని వారం వారం నడుపుతున్నారు. మంచి చెయ్యి."

మా ఆవిడ దుప్పటి మడత పెడుతోంది.

"తాళం చెవి పటం వెనక పెట్టాను కదా" అన్నాను.

"ఆ పటం తుడిచేది ఎవరండీ?"

"ఎక్కడికి వెళ్లావు?"

"చెల్లెలింటికి. ఓసారి మీ ఆఫీసుకీ వచ్చాను. బల్ల మీద తల పెట్టుకుని నిద్రపోతున్నారు. లేపడమెందుకని వచ్చేశాను."

పెద్దాయన ఆమెకు నమస్కారం పెట్టాడు. "చేసినవాడి కూతురే నడుపుతోందంటే, ఆ కథకున్న విలువ దేనికీ రాదమ్మా. దీన్ని అమ్మకండి. వచ్చే నెల మా పాత కార్ల ఊరేగింపులో ముందు మీరే నడపాలి."

"అమ్ముతానని నేనెప్పుడన్నానండీ?"

"మరి ఆరోజు నోరు విప్పలేదేం?" అన్నాను.

"మీరు విప్పారు కదా అని."

పెద్దాయన వెళ్లాక, ఊరేగింపు రోజు పక్క సీటు ఖాళీయేనా అని ఊరికే అడిగినట్టు అడిగాను.

ఆమె నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "ఆయన్ను కనుక్కుని చెప్తానండీ. మీరెక్కితే విలువ పడిపోతుందేమో."