తొమ్మిదో గది గురించి ఫిన్లాండ్ ఏమన్నది

గల్ఫ్‌లోని అల్ రయ్యాన్ కూలీల క్యాంపు మొత్తం మీద ఫిన్నిష్ భాషను గడగడా చదివి అర్థం చెప్పగల మనిషి ఒక్కడే. జగిత్యాల దగ్గర్నుంచి వచ్చి ఇనుప చువ్వలు వంచే రాజన్న. సందేహం ఉన్నవాళ్లు కంపెనీవారి ఉత్తర్వు చూసుకోవచ్చు.

రాజన్న ఉండే తొమ్మిదో గదిలో ఏసీ ఎండాకాలం మొదట్లోనే కన్నుమూసింది. ఒళ్లంతా చెమట పొక్కులు. కంపెనీ యాప్‌లో ఫిర్యాదు పెట్టినప్పుడల్లా 'పరిష్కరించబడింది, స్టార్లు ఇవ్వండి' అని జవాబు. (ఇవ్వనిదే యాప్ మూసుకోదు.)

ఇంతలో ఫిన్లాండ్ నుంచి ఒక పత్రిక దిగింది. ప్రపంచ దేశాల అభివృద్ధి గురించి రాసే పత్రికట. చలికాలంలో ఆ పత్రిక నుంచి ఒకామె వచ్చి ఫోటోలు తీసుకుపోయింది, అవే ఇప్పుడు అచ్చయ్యాయి. అట్ట మీద రాజన్న ముఖం, లోపలంతా క్యాంపు. తిట్టారో పొగిడారో తెలియక కంపెనీకి నిద్ర పట్టలేదు. క్యాంప్ బాస్ బుర్హానుద్దీన్ దాని మీద ఫోన్ పెట్టి అనువాదం చేయించాడు. 'అభివృద్ధి చెందుతున్న అభివృద్ధిని అభివృద్ధి పరచవలసి ఉన్నది' అన్నది ఫోన్.

"ఫోన్ ఖరాబైంది. ఈ భాష ఎవరికన్నా వస్తదారా?"

"నాకొస్తది సార్," అన్నాడు రాజన్న.

నిజానికి ఒక్క ముక్క రాదు. ఫిన్లాండ్ సౌదీకి కాస్త అవతల ఉంటుందనుకుంటున్నాడు. నేను మొదట కొట్టిన గొప్ప ఇక్కడితో రద్దు.

పేజీ నిండా అక్షరాలు జంటలు జంటలుగా కూర్చున్నాయి. (క్యాంపులో ఆ భాగ్యం ఎవరికీ లేదు.) రాజన్న వాటి మీద వేలు పెట్టి, బడిలో ఎక్కాలు అప్పజెప్పినట్టు రాగం తీశాడు.

"ఇగో... తొమ్మిదో రూముల ఏసీ మస్తు చల్లగ ఉంటదట. అసొంటి చల్లదనం వాళ్ల దేశంల గూడ లేదట. చూడనీకి మళ్ల వస్తరట."

"యా అల్లా! వస్తరటనా?"

కంపెనీ తక్షణం 'విదేశీ పొగడ్తల నిర్వహణ ఉపసంఘం' వేసింది. ఫిర్యాదు అబద్ధమని తేల్చవచ్చు గానీ పొగడ్త అబద్ధమని తేలకూడదు, అదీ దాని ఏకైక నియమం. రాజన్నను అధికార పాఠకుడిగా ప్రకటించారు. మర్నాడే గదిలో కొత్త ఏసీ గుయ్యిమన్నది.

ఇక ఆగేదెవరు? కడప నుంచి వచ్చిన కంపెనీ డ్రైవర్ తిరుపాలు చెయ్యి పట్టుకున్నాడు.

"యో రాజన్నా, మా కక్కసుల గురించి ఏమన్నా రాసినారేమో సూడబ్బా!"

"జర ఆగరాదు, అది వచ్చే పేజీల ఉన్నది."

పేజీ తిప్పాడు. కక్కసు తలుపులకు గొళ్లేలు వచ్చాయి. ఇంకో పేజీ తిప్పితే పప్పులో పప్పు కనబడింది. చివరి పేజీలో ఆవు బొమ్మ ఒకటుంటే, ఆ సాయంత్రమే చాయ్‌లో పాలు పడ్డాయి.

ఇంతదాకా నమ్మారు గనుక ఒక్క మాట ఒప్పుకుంటాను. పత్రిక నిజం, ఫోన్ చెప్పింది నిజం, ఉపసంఘం మరీ నిజం. ఇప్పటికీ కూర్చుని బిస్కెట్లు తింటోంది. నేను కల్పించింది మరమ్మతులు ఒక్కటే. ఏసీలూ కక్కసులూ అంత బాగున్నాయని ఫిన్లాండ్‌వాళ్లే అచ్చేసినప్పుడు, బాగుచేయడానికి ఇంకేముందని ఉపసంఘం అడిగింది.